మోతాదు

కెమిలో నవంబరు అంటే
మధ్యాహ్నం మూడింటికే దీపాలు.
సూపర్‌మార్కెట్ గుమ్మంలో ఖాళీ సీసాలు మింగే యంత్రం ఒకటి,
పక్కనే చిల్లర మింగే యంత్రం ఇంకొకటి.
మొదటిది ఇచ్చిన చీటీ చిల్లరై
రెండోదాని నోట్లో పడుతుంది.
ఆ రెండూ ఇరుగుపొరుగున ఎందుకున్నాయో
చాలా ఏళ్ళు నేను ఆలోచించలేదు.

నా భర్త తౌనో పియానోలు శ్రుతి చేసేవాడు.
బడులవి, చర్చిలవి,
టోర్నియో దాకా బస్సులో వెళ్ళి
ఎవరూ వాయించని ముసలి ఇళ్ళవి.
గోడ అవతల తీగె ఒకటి వెంట్రుకవాసి దిగితే
చేపల పులుసులో చెంచా ఆగిపోయేది.
జన్మలో లాటరీ టికెట్టు కొన్న మనిషి కాడు.

తర్వాత కుడి బొటనవేలు మొదలెట్టింది,
కనబడని పూసను చూపుడువేలి మీద దొర్లిస్తున్నట్టు.
పార్కిన్సన్, అంది డాక్టరు.
మెదడు లోలోపల, గోరంత చోట,
ఒక రసాన్ని ఊరించే కణాలు రాలిపోతున్నాయట.
ఆ రసంలా నటించే మాత్ర రాసింది.

మాత్ర బాగా నటించింది.
జనవరిలో చెయ్యి నిలబడింది.
ఫిబ్రవరిలో మా పియానో మూత తెరిచి
ఎనభై ఎనిమిది మెట్లూ సరిచేశాడు.
నేను వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

మార్చిలో సీసాలు వేసొస్తానని వెళ్ళి
రెండు గంటలకు వచ్చాడు.

అడిగితే, దారిలో పాత స్నేహితుడన్నాడు.
నన్ను భయపెట్టింది అబద్ధం కాదు, దాని నునుపు.
అబద్ధమాడితే చెవులు ఎర్రబడే మనిషి,
ఆ రోజు చెవులు మంచులా తెల్లగా ఉన్నాయి.

వెనకాలే వెళ్ళి చూశాను.
ద్రాక్షలు, గంట, గంట,
మూడో గంట గీత దాటి వేలెడు కిందికి జారింది.
ఓడిపోయాడు. మొహం మాత్రం గెలిచినవాడిది.
"చూశావా ఐలా, కొంచెంలో తప్పింది. దగ్గరికొస్తోంది."
శ్రుతి చేసేవాడి మాట అది.
నలభై ఏళ్ళు ఇంకొంచెం, ఇంకొంచెం అంటూనే బతికాడు,
తీగె ఎక్కడో ఒకచోట చేరేది.
ఇక్కడ చేరడానికి స్వరమే లేదు.

డాక్టరు కాగితం మీద గీసి చూపింది:
చేతికి వెళ్ళే దారి, ఆశకు వెళ్ళే దారి.
ఎండిపోయింది మొదటిదే,
కానీ ఆనకట్ట తలుపు ఎత్తితే
నది ఒక ఒడ్డునే ఎంచుకోదు కదా.
ఇష్టపడటం వేరు, కావాలనిపించడం వేరు, అంది.
ఇంటికొచ్చి అడిగాను: ఆ ఆట నీకిష్టమా?
కోటు విప్పకుండా చాలాసేపు ఆలోచించాడు.
"లేదు. ఆ గంటలు శ్రుతిలో కూడా లేవు."
మర్నాడు మళ్ళీ వెళ్ళాడు.

అప్పటికి పడవ పోయింది,
ఆవిరిగది పైకప్పుకని దాచింది పోయింది,
తోలుసంచిలో శ్రుతిదండం ఒక్కటే మిగిలింది,
అదీ ఎవరూ కొనక.

ఒక ప్రశ్న మాత్రం డాక్టరును అడగలేకపోయాను.
డెబ్భై మూడులో, రేవు పక్క డాన్సు హాల్లో,
రెండుసార్లు కాదన్నాక
మూడోసారీ నా ముందుకొచ్చి చెయ్యి చాపాడే,
అదీ ఈ రసమేనా?
అయితే దాన్ని ఎవరు తగ్గించమన్నారు?

ఇప్పుడు మోతాదు సగం.
వణుకు తిరిగొచ్చింది.
కప్పు సాసరు మీద టకటకలాడుతుంటే
నేను విననట్టు రొట్టె కోస్తాను.
ఆ గుమ్మం దాటేటప్పుడు అతను నేల చూసి నడుస్తాడు,
కొన్నాళ్ళు. కొన్నాళ్ళు చూడడు.

సీసాలు వెయ్యడం మానేశాను.
బాల్కనీ నిండా అవే, మూతల్లేకుండా,
సముద్రం మీంచి గాలొస్తే ఒక్కొక్కటీ ఒక్కో స్వరం.
నిన్న రాత్రి తలుపు దగ్గర నిలబడి
వణికే చెయ్యి జేబులో పెట్టుకుని
చెవి అటు ఒగ్గాడు.

"ఎడమనుంచి ఐదోది," అన్నాడు,
"కాస్త దిగింది."